రాత్రిపూట క్లోరిన్ ఎవరు తిన్నారు?

(హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం, కమిటీ సభ్యులకూ చుట్టుపక్కల పూల్ ఆపరేటర్లకూ స్విమ్మింగ్ పూల్స్ బాగుచేసే ఒక పనివాడు చెప్పిన మాటలు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు ఈ రెండు సీసాలు చూడండి. రెండూ మీ పూల్ నీళ్ళే. ఇది నిన్న రాత్రి 9 గంటలకు పట్టింది, ఇది ఇవాళ తెల్లవారుజామున ఐదున్నరకు పట్టింది. వెనకవాళ్ళకి కనపడకపోతే అలా చేతులు మార్చుకుంటూ పంపించండి, తాగకండి అంతే. (నవ్వులు) ఏమైనా తేడా కనపడిందా? లేదు కదా. రెండూ తళతళలాడుతున్నాయి. మీ కమిటీ సార్ ఫోన్‌లో కూడా అదే అన్నారు, మా పూల్‌కి ఏ ప్రాబ్లమూ లేదండీ, వేసవిలో పచ్చబడకుండా ఏం మందు వెయ్యాలో చెప్పి వెళ్ళండి చాలు అని.

రాత్రి టెస్ట్ చేస్తే క్లోరిన్ 3 పీపీఎం వచ్చింది. పొద్దున 1.2. మధ్యలో పూల్‌కి తాళం వేసి ఉంది, ఒక్కరు కూడా దిగలేదు, రాత్రి కాబట్టి ఎండ లేదు, తాళంచెవి ఈ తమ్ముడి, అంటే మీ ఆపరేటర్ జేబులోనే ఉంది. మరి ఆ 1.8 ఎటు పోయింది?

పీపీఎం అంటే భయపడాల్సిందేమీ లేదు, ఘనపు మీటరు నీటికి ఒక గ్రాము, అంతే. మీ పూల్ 15 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.2 మీటర్లు. గుణిస్తే 144 ఘనపు మీటర్లు, అంటే లక్షా నలభై నాలుగు వేల లీటర్లు. 1.8ని 144తో గుణించండి. దాదాపు 260 గ్రాముల క్లోరిన్ రాత్రికి రాత్రి మాయమైంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ ఈ దొంగని పట్టడానికి ఒక టెస్ట్ కిట్, ఒక అలారం చాలు. నీళ్ళలో పాచి మొదలైంది. ఇంకా కంటికి కనపడట్లేదు, కనపడేంత పెరగలేదు కాబట్టి. మీరు దాన్ని చూసే రోజుకి అది మీకంటే వారం ముందుంటుంది.

నేను ఈ పని మొదలుపెట్టి 20 ఏళ్ళు దాటింది, హెల్పర్‌గా చేరాను, గోడలు రుద్దడం నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో నన్ను పిలిచినవాళ్ళలో నూటికి తొంభై మంది పచ్చబడ్డాక పిలిచినవాళ్ళే. పచ్చబడకముందు పిలిచిన కొద్దిమందిలో మీరు ఒకరు, అందుకే నిన్న రాత్రే వచ్చి ఇక్కడ పడుకున్నాను. దోమలు బాగానే ఉన్నాయి మీ దగ్గర, పూల్‌లోంచి కాదులెండి, ఆ వెనక మొక్కల కుండీల పళ్ళేల్లోంచి.

ఇంతకీ పాచి ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కడినుంచైనా వస్తుంది. గాలిలో, దుమ్ములో, వానలో, పిల్లల కాళ్ళకి అంటుకున్న మట్టిలో, టాప్‌అప్‌కి పోసే ట్యాంకర్ నీళ్ళలో. రాకుండా ఆపలేం, ఆ ప్రయత్నం కూడా అనవసరం. వచ్చినదాన్ని వచ్చినట్టే చంపేయడమే మన పని. ఎండ, వెచ్చటి నీళ్ళు, కాస్త తిండి, ఈ మూడూ దొరికి క్లోరిన్ తగ్గితే రోజులో రెండింతలయ్యే రకాలున్నాయి. ఇవాళ ఒకటి, రేపు రెండు, ఎల్లుండి నాలుగు, చూస్తూండగానే శనివారం సాయంత్రం మామూలుగా ఉన్న నీళ్ళు సోమవారం పొద్దున పెసరకట్టులా తయారవుతాయి. హుస్సేన్ సాగర్ వేసవిలో ఎందుకు పచ్చబడి కంపు కొడుతుంది? మురుగుతో పాటు చేరే భాస్వరం, నత్రజని దానికి తిండి, పైనుంచి ఎండ. మీ పూల్‌కి కూడా అదే సూత్రం, సైజు తక్కువ, అంతే.

తిండి అన్నాను కదా. మీ పూల్ చుట్టూ లాన్ ఉంది, భలే అందంగా ఉంది, కానీ పొద్దున పూల్ గట్టు మీద చిన్న చిన్న గుళికలు ఏరాను, డీఏపీ. మాలి గడ్డికి చల్లాడు, తప్పేం లేదు, ఆయన పని ఆయన చేశాడు. డీఏపీలో నత్రజని 18 పాళ్ళు, భాస్వరం ఆక్సైడ్ లెక్కన 46 పాళ్ళు ఉంటాయని ఇక్కడ వ్యవసాయం తెలిసినవాళ్ళు ఎవరైనా చెబుతారు. గడ్డికి వేసిన ఎరువు పైపుతో తడిపినప్పుడు జారి పూల్‌లోకి వచ్చిందంటే మీరు పాచికి ఎరువు వేసి సాగు చేస్తున్నట్టే. లాన్‌కీ పూల్‌కీ మధ్య చిన్న కాలువ గాడి ఒకటి తీయించండి, మాలికి ఒక మాట చెప్పండి, అయిపోతుంది. పొలాల పక్క బోర్ల నుంచి వచ్చే ట్యాంకర్ నీళ్ళలో నైట్రేట్లు ఉండే అవకాశం కూడా ఉంది, దానికి మనం చేయగలిగింది తక్కువ. తిండి ఉన్నా క్లోరిన్ సరిగ్గా ఉంటే పాచి బతకదు కాబట్టి దాని గురించి మరీ టెన్షన్ పడకండి. ఫాస్ఫేట్, అంటే ఈ భాస్వరాన్నే, తీసేసే మందులు అమ్మేవాళ్ళు మీకు వేరేలా చెబుతారు, వినండి, కొనకండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ పూల్‌లో క్లోరిన్ 3 ఉంది, చాలాచోట్ల 1 నుంచి 3 ఉంటే చాలంటారు, మరి 3 ఉన్నా పాచి ఎందుకు మొదలైంది?

దీనికి జవాబు మీ స్టోర్ రూమ్‌లో ఉన్న ఆ తెల్ల డ్రమ్ములో ఉంది. టీసీసీఏ 90 అనే క్లోరిన్ ట్యాబ్లెట్లు, ఒక్కోటి 200 గ్రాములు. ఎందుకు వాడతాం దాన్ని? సులువు కాబట్టి. ఫ్లోటర్‌లో, అంటే నీళ్ళ మీద తేలే డబ్బాలో, రెండు మూడు వేసి వదిలేస్తే మెల్లగా కరుగుతుంది, ఆపరేటర్ సెలవు పెట్టినా నడుస్తుంది. తప్పు ట్యాబ్లెట్‌ది కాదు. కానీ దాంట్లో క్లోరిన్ ఒక్కటే లేదు, క్లోరిన్‌ని మోసుకొచ్చే సయన్యూరిక్ యాసిడ్ కూడా ఉంది, మనం స్టెబిలైజర్ అంటాం. దీనివల్ల ఉపయోగం ఉంది, స్టెబిలైజర్ అసలు లేని నీళ్ళలో మన మే నెల మధ్యాహ్నం ఎండకి క్లోరిన్ రెండు గంటల్లో దాదాపు అంతా ఆవిరైపోతుంది, ఇది ఉంటే గొడుగు పట్టినట్టు నిలబడుతుంది. 30, 40 పీపీఎం దాకా ఉంటే మంచిదే.

సమస్య ఏంటంటే క్లోరిన్ పని చేసి వెళ్ళిపోతుంది, స్టెబిలైజర్ మాత్రం వెళ్ళదు. వచ్చిన చుట్టం పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు గానీ తోడు తెచ్చినవాడు ఇక్కడే ఉండిపోయాడు. ఎండకి నీళ్ళు ఆవిరైనా అది ఆవిరి కాదు, ఉప్పులాగా నీళ్ళలోనే మిగిలిపోతుంది. టీసీసీఏతో 10 పీపీఎం క్లోరిన్ వేస్తే 6 పీపీఎం స్టెబిలైజర్ వచ్చి చేరుతుంది. వేసవిలో మీ పూల్ రోజుకి 3 పీపీఎం క్లోరిన్ తింటుందనుకోండి, అంటే రెండున్నర ట్యాబ్లెట్లు, దాంతో పాటు రోజుకి 1.8 స్టెబిలైజర్. నెలకి 54. మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలకి ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. బ్యాక్‌వాష్‌లో, అంటే నీళ్ళు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడిగేటప్పుడు, కొంత పోతుంది, పిల్లలు ఎగిరి దూకినప్పుడు కొంత బయటపడుతుంది, అయినా పేరుకుంటూనే ఉంటుంది. నిన్న రాత్రి మీ నీళ్ళలో కొలిచాను. గొట్టం అడుగున నల్లచుక్క ఉంటుంది, మందు కలిపిన నీళ్ళు పోస్తూ పోతే ఆ చుక్క కనపడకుండా పోయే చోట అంకె చదవాలి. 110 వచ్చింది.

110 అయితే ఏంటంటారా? స్టెబిలైజర్ క్లోరిన్‌ని పట్టుకుని ఉంచుతుంది, ఎండ నుంచి కాపాడడం అంటే అర్థం అదే. ఎక్కువైతే మరీ గట్టిగా పట్టుకుంటుంది. మీకు చీటీలో రెండు లక్షలు ఉన్నాయనుకోండి. మీవే, ఎవరూ కాదనరు, పుస్తకంలో రాసి ఉంటుంది కూడా. కానీ ఇవాళ సాయంత్రం ఆసుపత్రిలో కట్టాలంటే చేతికి రావు. టెస్ట్ కిట్ పుస్తకంలో ఉన్న డబ్బునీ కలిపి లెక్క చెబుతుంది, పాచిని చంపేది మాత్రం చేతిలో ఉన్న డబ్బే. అందుకే క్లోరిన్‌కి ఒకే అంకె పెట్టుకోకూడదు, స్టెబిలైజర్‌ని బట్టి పెట్టుకోవాలి. పాచి రాకుండా ఉండాలంటే స్టెబిలైజర్‌లో కనీసం ఏడున్నర శాతం క్లోరిన్ ఉండాలనేది పనిలో బాగా నిలబడిన లెక్క. స్టెబిలైజర్ 40 ఉంటే క్లోరిన్ 3. స్టెబిలైజర్ 110 ఉంటే 8 దాటాలి. మీరు 3 దగ్గర నడుపుతున్నారు. మొన్నటిదాకా పచ్చబడలేదంటే చలికాలం కాపాడింది, మన గొప్పేం లేదు.

మళ్ళీ చెబుతున్నా, ఇవాళ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని వెళ్ళేట్టయితే ఇదే పెట్టుకోండి, ఎందుకంటే పచ్చబడినప్పుడల్లా ఆపరేటర్‌ని తిడతారు. ఆయన రోజూ కిట్‌లో చూసి, 3 ఉందని రిజిస్టర్‌లో రాశాడు, నిజమే రాశాడు, నేను చూశాను. మే నెలలో నీళ్ళు మసకబారగానే ఇంకో నాలుగు ట్యాబ్లెట్లు పడేయమని ఎవరో ఒకరు చెబుతారు, అతను పడేస్తాడు, స్టెబిలైజర్ ఇంకా పెరుగుతుంది. మంట మీద నెయ్యి పోసి ఆర్పమన్నట్టు.

ఒక సార్ అడుగుతున్నారు, దాన్ని తీసేసే మందు లేదా అని. మామూలుగా దొరికేది, నమ్మకంగా పని చేసేది లేదండి. నీళ్ళు మార్చడమే. 110ని 40కి దించాలంటే మూడింట రెండు వంతుల నీళ్ళు మార్చాలి, మీ పూల్‌కి తొంభై వేల లీటర్ల పైన, పదివేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిదో పదో. (గుసగుసలు) తెలుసు, తెలుసు, అలా చూడకండి. అందుకే ఫిబ్రవరిలో చెబుతున్నా. ఇదే మాట మే నెలలో చెబితే ట్యాంకర్ దొరకదు, దొరికినా తాగడానికే చాలదు, పూల్‌లో పోస్తుంటే పక్క బ్లాక్ వాళ్ళు గొడవకొస్తారు, వాళ్ళదీ న్యాయమే. ఒక్కసారిగా ఖాళీ చేయొద్దు, రెండు మూడు దఫాలుగా చేయండి, అలా చేస్తే నీళ్ళు ఆ లెక్క కంటే కొంత ఎక్కువే పడతాయి. వానాకాలంలో భూమిలో నీటిమట్టం పైకొచ్చినప్పుడు ఖాళీ పూల్ కింద నుంచి నీళ్ళు తన్ని టైల్స్ లేచిపోతాయి, ట్యాంకే కదిలిపోయిన సందర్భాలూ ఉన్నాయి. తీసిన నీళ్ళు డ్రైనేజీ లైన్‌లోకి పంపండి, వాన నీటి కాలువలోకి కాదు, అది పోయి చెరువులో కలుస్తుంది.

తర్వాత రోజువారీకి హైపో వాడండి. సోడియం హైపోక్లోరైట్, క్యాన్లలో వస్తుంది కదా, అదే. దాంట్లో స్టెబిలైజర్ లేదు. 10 శాతం ఉన్న తాజా సరుకైతే మీ పూల్‌కి 3 పీపీఎం పెంచడానికి నాలుగున్నర లీటర్ల లోపే పడుతుంది. కానీ అది పాలలాంటిది, ఎండలో పెడితే విరిగిపోతుంది, అంటే బలం పోతుంది. రెండు నెలల స్టాకు తెచ్చి రేకుల షెడ్డులో పెట్టారనుకోండి, మే నెలకి అందులో సగం నీళ్ళే. వారానికి సరిపడా తెచ్చుకోండి, నీడలో పెట్టండి, సూర్యుడు దిగాక పోయండి, ఆ రాత్రంతా ఎండ లేకుండా పని చేసుకుంటుంది. ట్యాబ్లెట్లు పారేయమనట్లేదు, సంక్రాంతికి ఆపరేటర్ ఊరెళ్ళినప్పుడు వాడండి.

పీహెచ్ గురించి, అంటే నీళ్ళలో ఆమ్లం ఎక్కువో క్షారం ఎక్కువో చెప్పే అంకె గురించి ఒక్క నిమిషం. 7.2 నుంచి 7.6 మధ్య ఉంచండి. స్టెబిలైజర్ లేని నీళ్ళలో అయితే పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం పాచిని చంపే పనిమంతుడి రూపంలో ఉంటుంది, 8కి వెళ్ళేసరికి పావు వంతుకి పడిపోతుంది. స్టెబిలైజర్ ఉంటే ఈ తేడా అంత తీవ్రంగా ఉండదు, అయినా బోరు నీళ్ళు పోసే మన ఊళ్ళో పీహెచ్ పెరగడం, టైల్స్ మీద తెల్లటి పొర కట్టడం మామూలే, ఆ గరుకు పొర పాచికి పట్టు కూడా. కొంచెం కొంచెం యాసిడ్‌తో దించుకోవాలి. యాసిడ్‌ని నీళ్ళలో పోయాలి, నీళ్ళని యాసిడ్‌లో కాదు.

ఇక్కడే ఇంకో మాట చెప్పేస్తా, ఆపరేటర్లు కాస్త ఫోన్లు పక్కన పెట్టండి. టీసీసీఏ, బ్లీచింగ్ పౌడర్ రెండూ క్లోరినే కదా అని ఒకే బకెట్‌లో కలపొద్దు. ఒకదాని చెంచా ఇంకోదాంట్లో పెట్టొద్దు. పక్కపక్కన కూడా పెట్టొద్దు. కలిస్తే మంట, విషవాయువు, ఒక్కోసారి పేలుడు. హైపోలో యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది, పంపు రూమ్‌లో కిటికీ ఉండదు, తలుపు దగ్గరికి నడిచే టైమ్ కూడా ఉండకపోవచ్చు. మీకు తెలుసని నాకు తెలుసు. కొత్తగా వచ్చిన హెల్పర్‌కి తెలియదు, వాడికి చెప్పండి.

సరే, పాచి దగ్గరికొద్దాం. మన భాషలో ఒక విచిత్రం ఉంది. కోనేటి మెట్ల మీద పట్టేదీ పాచే, పొద్దున్నే పళ్ళ మీద ఉండేదీ పాచే. పాచిపళ్ళతో కాఫీ తాగొద్దని మా అమ్మ కర్ర పట్టుకునేది. ఆ మాట పెట్టినవాడెవడో గానీ సరిగ్గా పెట్టాడు, రెండూ ఒకే రకం వ్యవహారం. చిన్న చిన్న జీవులు గోడకో పంటికో అతుక్కుని, పైన జిగురు పొర కప్పుకుని, లోపల హాయిగా కూర్చుంటాయి. పుక్కిలించే మందు ఎంత ఖరీదైనది వాడినా పళ్ళు తోమకపోతే లాభం లేదు కదా. ఇక్కడా అంతే. క్లోరిన్ జిగురు పొర పైనే ఆగిపోతుంది. బ్రష్‌తో ఆ పొర చింపితేనే లోపలికి దిగుతుంది. నేను హెల్పర్‌గా ఉన్నప్పుడు ఇది శుభ్రం కోసం చేసే పని అనుకునేవాణ్ణి, మందు పని చేయడానికి చేసే పని అని తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది, ఎవరూ చెప్పలేదు మరి.

ఎక్కడ రుద్దాలి? మధ్యలో కాదు, మధ్యలో నీళ్ళు తిరుగుతూనే ఉంటాయి. నిచ్చెన వెనక, మెట్ల మూలల్లో, లైటు బిగించిన చోట చుట్టూ, నీళ్ళు వచ్చి పడే నాజిల్‌కి ఎదురుగా కాకుండా పక్కన ఉండే మూల. మీ పూల్‌లో పిల్లల వైపు మూడో మెట్టు కింద వేలు పెట్టి చూడండి, జారుతుంది. ఇంకా రంగు రాలేదు, జారుడు వచ్చింది. పచ్చ పాచి పెద్ద కష్టం కాదు, త్వరగా చస్తుంది. పసుపు రంగు దుమ్ములాగా నీడపట్టున గోడకి పట్టేది ఉంటుంది, చెయ్యి వేస్తే లేచిపోతుంది, సాయంత్రానికి మళ్ళీ అక్కడే ఉంటుంది, మొండిది. అన్నిటికంటే పాపిష్ఠిది నల్ల చుక్కలు, టైల్స్ మధ్య గ్రౌట్‌లో వేళ్ళు దిగినట్టు పట్టేస్తాయి, నిజానికి అది పాచి కూడా కాదు, ఒక రకం బ్యాక్టీరియా. దానికి వైర్ బ్రష్ కావాలి, చాలా ఓపిక కావాలి. ఫైబర్ పూల్స్‌లో, లైనర్ పూల్స్‌లో మాత్రం వైర్ బ్రష్ వాడొద్దు, గీతలు పడతాయి.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ గురించి అడుగుతారని తెలుసు, అదిగో ఆ అన్న చెయ్యెత్తాడు. ఇది నా సొంత కథే. పనిలో చేరిన మూడో ఏడు, నేనే పెద్ద మేస్త్రీ అనుకుంటున్న రోజులు. ఒక ఫామ్‌హౌస్ పూల్ పచ్చబడింది. మా నాన్న ద్రాక్షతోటకి మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవాడు, బూజు పోయేది, అది చూసిన ధైర్యంతో కొలత గిలత లేకుండా రెండు గుప్పిళ్ళు మైలుతుత్తం పడేశాను. పాచి చచ్చింది, అబద్ధం చెప్పను. నీళ్ళు మూడు రోజులు సినిమాలో సముద్రంలా నీలంగా మెరిశాయి, ఓనర్ ఫోటోలు తీయించుకున్నాడు. వారానికి పీహెచ్ పెరిగింది, రాగి మొత్తం తెల్ల మెట్ల మీద దిగి నల్లటి, పచ్చటి మరకలు. రెండు నెలల జీతం దాని పాలిష్‌కి పోయింది. రాగి పాచిని చంపుతుంది, కానీ క్లోరిన్‌లా ఖర్చయిపోదు, నీళ్ళలోనే ఉంటుంది, ఎక్కువైతే ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. లేత రంగు జుట్టున్నవాళ్ళకి జుట్టు పచ్చబడేది కూడా దీనివల్లే, అందరూ క్లోరిన్ అనుకుంటారు. మన నల్ల జుట్టు మీద కనపడదు, అదో అదృష్టం. పాచి మందు తప్పకుండా వాడాలనుకుంటే రాగి లేనిది, నురగ రానిది వాడుకోండి, అది కూడా ఊరెళ్ళే ముందు జాగ్రత్తకే గానీ రోజువారీ క్లోరిన్‌కి బదులు కాదు.

ముందూ వెనకా చూడకుండా పోస్తే నాలాంటివాడికే కాదు, ఒలింపిక్స్ వాళ్ళకీ తప్పలేదు. 2016 రియో గుర్తుందా? మన సింధు వెండి పతకం తెచ్చిన ఒలింపిక్స్. ఆగస్టు 9న టీవీ పెడితే డైవింగ్ పూల్ ఆకుపచ్చగా ఉంది, ముందురోజు దాకా నీలంగా ఉన్నది. పక్కన వాటర్‌పోలో పూల్ కూడా తర్వాత అదే బాట పట్టింది. ప్రపంచమంతా నవ్వింది. తర్వాత తేలిందేంటంటే ఆగస్టు 5న ఒక కాంట్రాక్టర్ 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాడు. అది కూడా శుభ్రం చేసే మందే, విడిగా వాడితే మంచిదే. కానీ క్లోరిన్ ఉన్న నీళ్ళలో పోస్తే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. క్లోరిన్ కాపలా పోయింది, నాలుగు రోజుల్లో నీళ్ళు పచ్చబడ్డాయి. చివరికి ఆ రెండో పూల్‌లో 37 లక్షల లీటర్ల పైన నీళ్ళు తీసేసి, ప్రాక్టీస్ పూల్ నీళ్ళు తెచ్చి నింపి, ఆర్టిస్టిక్ స్విమ్మింగ్ పోటీలు జరిపించారు. అప్పట్లో దాన్ని సింక్రనైజ్డ్ స్విమ్మింగ్ అనేవాళ్ళు. నేను ఆ రోజు మా ఆవిడని పిలిచి టీవీ చూపించాను, చూడు, వీళ్ళకీ నాలాగే అయింది అని. (నవ్వులు)

ఇప్పుడు కమిటీవాళ్ళకి నచ్చని మాట. పంపు ఎన్ని గంటలు నడుపుతున్నారు? నాలుగు. కరెంటు బిల్లు. ఊహించాను. మీ పంపు గంటకి సుమారు 24 ఘనపు మీటర్లు తిప్పుతుంది, ఆరు గంటలు నడిస్తే 144 ఘనపు మీటర్లు ఫిల్టర్‌లోంచి వెళ్ళినట్టు. అంతా ఒకసారి వెళ్ళిపోయింది కదా అనుకుంటాం. కాదు, ఫిల్టరై వచ్చిన నీళ్ళు మళ్ళీ అదే పూల్‌లో కలుస్తాయి, కలిసినవే మళ్ళీ వెళ్తాయి, కొన్ని అసలు వెళ్ళనే వెళ్ళవు. బాగా కలిసే పూల్‌లో కూడా ఆరు గంటలకి ఫిల్టర్ చూసింది మూడింట రెండు వంతుల కంటే తక్కువే. పన్నెండు గంటలకి గానీ 86 శాతం దాకా రాదు. నాలుగు గంటలంటే సగం నీళ్ళు ఫిల్టర్ మొహం చూడకుండా, మూలల్లోకి క్లోరిన్ చేరకుండా ఉన్నాయి. వేసవిలో పది పన్నెండు గంటలు నడపండి, ఒకే దఫా అక్కర్లేదు, విడగొట్టుకోండి. పంపు మిగిల్చిన కరెంటు డబ్బులు ట్యాంకర్లకి పోతాయి, ఇవాళ మీరే చూస్తున్నారు.

ఫిల్టర్ ఇసుక గురించి పెద్దగా చెప్పేదేం లేదు. శుభ్రంగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజ్ ఎంత చూపిస్తుందో పెయింట్‌తో రాసి పెట్టుకోండి, దాని మీద 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి, నీళ్ళు తేటగా వచ్చే దాకా. మీ గేజ్ పగిలిపోయి ఉంది, మార్చండి.

(ఒక మహిళ ప్రశ్న: మా పాపకి కళ్ళు ఎర్రబడుతున్నాయి, వాసన కూడా వస్తోంది, మీరేమో క్లోరిన్ ఇంకా పెంచమంటున్నారు.)

మంచి ప్రశ్న అమ్మా. ఘాటుగా కొట్టే ఆ వాసన సాధారణంగా మంచి క్లోరిన్‌ది కాదు. చెమట, మూత్రం, వాటితో క్లోరిన్ కలిసి తయారయ్యే క్లోరమిన్‌లది. అంటే పనిమంతుడు తగ్గి, అలిసిపోయినవాళ్ళు పోగయ్యారన్నమాట. సరైన క్లోరిన్ ఉన్న పూల్ పెద్దగా వాసన రాదు. పీహెచ్ అటూ ఇటూ అయినా కళ్ళు మండుతాయి. దిగే ముందు షవర్ కింద ఒక నిమిషం నిలబడితే ఇందులో సగం పోతుంది, ఎవరూ నిలబడరు. ఇంకోటి, తలకి కొబ్బరినూనె పెట్టుకుని దిగకండి, దిగితే క్యాప్ పెట్టుకోండి. టైల్ అంచున నీటిమట్టం దగ్గర జిడ్డు గీత ఉంది చూడండి, అది మన ఇళ్ళ నూనే, దాని మీదే జిగురు పొర మొదలవుతుంది. బనియన్లతో, సర్ఫ్ వాసన వస్తున్న కాటన్ నిక్కర్లతో దించకండి పిల్లల్ని, నూలు పోగులు ఫిల్టర్‌లోకి, సబ్బు నీళ్ళలోకి.

కిట్ గురించి కూడా చెప్పాలి, మర్చిపోయా. పసుపు రంగు వచ్చే చవక చుక్కల కిట్ మొత్తం క్లోరిన్ కలిపి చూపిస్తుంది, అలిసిపోయినవాళ్ళనీ లెక్కేస్తుంది. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ తీసుకోండి, అది విడిగా చూపిస్తుంది. కానీ క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబీ రంగు వచ్చిన క్షణంలోనే తెల్లబడిపోతుంది. ఒకచోట ఆపరేటర్ దాన్ని సున్నా అనుకుని మూడు రోజులు పోస్తూనే ఉన్నాడు, ఈతకొచ్చినవాళ్ళ డ్రెస్సులు వెలిసిపోయాక నన్ను పిలిచారు. అనుమానం వస్తే పూల్ నీళ్ళలో మామూలు నీళ్ళు సగానికి సగం కలిపి మళ్ళీ టెస్ట్ చేసి రెట్టింపు చేసుకోండి.

ఒకవేళ ఎప్పుడైనా పచ్చబడితే? అడుగున ఉన్న మెయిన్ డ్రెయిన్ జాలీ గట్టు మీద నుంచి కనపడకపోతే ఆ నిమిషమే గేటుకి తాళం. అందం కోసం కాదు, మునిగిన పిల్లాడు కనపడడు. ఆ తర్వాత మందుల సంగతి. పీహెచ్ 7.2కి దించుకుని, స్టెబిలైజర్ 40 ఉంటే క్లోరిన్‌ని 16 దాకా ఎక్కించి, తగ్గినప్పుడల్లా మళ్ళీ ఎక్కించి, పంపు రాత్రింబవళ్ళు నడిపి, రోజుకి రెండుసార్లు రుద్దాలి. నీళ్ళు పచ్చ నుంచి బూడిద తెలుపుకి మారతాయి, అది చచ్చిన పాచి. పటిక వేసి అడుక్కి దింపి వేస్ట్ లైన్‌లోకి వ్యాక్యూమ్ చేసుకోవచ్చు, మన పాత పద్ధతే, బాగానే పని చేస్తుంది, ఫిల్టర్‌లోకి మాత్రం పంపకండి, ఇసుక గడ్డకడుతుంది. తేటగా అయింది కదా అని ఆపేయకండి. రాత్రి చీకటి పడ్డాక ఒకసారి, పొద్దున ఎండ రాకముందు ఒకసారి కొలవండి. తేడా 1 కంటే తక్కువ వచ్చిన రోజు ఆపండి. క్లోరిన్ 5 లోపు దిగే దాకా ఎవర్నీ దించకండి.

రాత్రీ పొద్దునా కొలిచే ఈ లెక్క పచ్చబడినప్పుడే కాదు, వేసవిలో వారానికి ఒకసారి చేయండి, ఆదివారం రాత్రి, సోమవారం పొద్దున. మీ రిజిస్టర్‌లో క్లోరిన్ కాలమ్ పక్కన రాత్రి, పొద్దున అని రెండు గళ్ళు, నెలకోసారి స్టెబిలైజర్ అని ఒక గడి గీసి ఇచ్చాను తమ్ముడికి.

(ఒకరి ప్రశ్న: ఉప్పు మెషిన్ పెట్టుకుంటే ఇవన్నీ అక్కర్లేదంటున్నారు?)

ఉప్పు మెషిన్ చేసేదీ క్లోరినే సార్, ఉప్పు నుంచి కరెంటుతో తయారు చేస్తుంది. హైపో మోసే పని తప్పుతుంది, లెక్క తప్పదు. పీహెచ్ పెరుగుతూ ఉంటుంది, మన బోరు నీళ్ళకి దాని ప్లేట్ల మీద సున్నం కడుతుంది, కడగాలి. డబ్బులుంటే పెట్టుకోండి, కానీ ముందు ట్యాంకర్లు.

ఇంకా ప్రశ్నలుంటే పూల్ దగ్గర నడుస్తూ మాట్లాడుకుందాం, ఎండెక్కుతోంది. సాయంత్రానికి మొదటి ట్యాంకర్ చెప్పండి సార్, అది వచ్చేలోపు గోడలు అయిపోవాలి. తమ్ముడూ, పెద్ద బ్రష్ ఎక్కడుంది? నిచ్చెన వెనక నుంచి మొదలుపెడదాం.